ఫిల్సులతో సహా

ఎస్తేరు దేవుడికి లెక్క అప్పజెప్పేది.
ఫర్వానియాలో నాలుగో అంతస్తు, ఒకటే గది,
మధ్యలో కర్టెను, అవతల నెల్లూరు వాళ్ల కాపురం.
వాళ్లకి వినబడుతుందని నేను సిగ్గుపడేవాణ్ణి.
ఆమె గొంతు తగ్గించేది కాదు.

"గది అద్దె రెండు నెలలది నూట ఎనభై దీనార్లు ప్రభువా,
బకాలా కొట్లో పన్నెండు దీనార్ల ఆరువందల ఫిల్సులు,
కెజియా బడి బస్సుకి ఇరవై రెండు,
ఈయన అకామా ఇంకో పదహారు రోజుల్లో అయిపోద్ది..."

దేవుడికి చిల్లర కూడా చెప్పాలా అన్నానోసారి.
"ఇంత ఇసకని ఒక్కో రేణువుగా చేసినోడికి
చిల్లరంటే చులకనుండదులే" అంది,
కళ్లు తెరవకుండానే.

కంపెనీ జీతమిచ్చి ఐదు నెలలు.
రోజూ పొద్దున్నే హెల్మెట్టు చంకనెట్టుకుని
ఆఫీసు గుమ్మం ముందు నూటయాభై మందిమి నిలబడితే
లోపల్నుంచి ఒక గుమాస్తా వచ్చి
బుక్రా అని ఒక్క మాట పంచిపెట్టి పోయేవాడు.
బుక్రా అంటే రేపు.
క్యాలెండర్లో లేని రోజు.

నిన్నటి కుబ్బూసు ముక్కలు చేసి
ఆవాలు, కరివేపాకు వేసి ఉప్మా అనేది ఎస్తేరు.
మూడోరోజు కెజియా అడిగింది:
"అమ్మా, ఇది ఉప్మా అని దానికి తెలుసా?"
చాలా కాలానికి నవ్వాం ఆ రాత్రి,
కర్టెను అవతలివాళ్లు కూడా.

ఆ గురువారం గాలిదుమారం.
కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కినా
పళ్ల మధ్య ఇసక.
మగ్రిబు అజాను దుమ్ములోంచి ఎర్రగా వినిపించింది.
ఎస్తేరు మోకాళ్ల మీద, లెక్క సగంలో ఉంది.
తలుపు కొట్టారు.

హారిసు అబూ సమీర్ ఆ వారంలో వచ్చింది మూడుసార్లు.
నేను లైటు ఆర్పేశాను.
కెజియా తన నోరు తనే మూసుకుంది,
ఎవరూ చెప్పకుండానే.
అది చూశాక లేచి తలుపు తీశాను,
భక్తితో కాదు, సిగ్గుతో.

గుమ్మంలో ఒక ఆడమనిషి, కనుబొమలనిండా దుమ్ము.
సింహళ మనిషి, కుసుమా.
నాకు గుర్తురాలేదు. ఎస్తేరుకి వచ్చింది.
రెండేళ్ల కిందట, పనింట్లోంచి బయటపడి
బస్టాపులో చెప్పుల్లేకుండా కూర్చున్న పిల్ల.
జహ్రా నుంచి బస్సులు మారి వచ్చింది.
పర్సులోంచి తీసి మడతలు విప్పింది: ముప్ఫై దీనార్లు.
ఆలస్యానికి మన్నించమంది అరబీలో,
మా ముగ్గురికీ సగం సగం వచ్చిన అరబీలో.
టీ తాగలేదు. చివరి బస్సు పోతుందంది.

"ఇచ్చినట్టు నాకెందుకు చెప్పలేదు?"
"చెప్తే ఇవ్వనిచ్చేవోడివా?"
ఊరుకోలేకపోయాను.
"ఇది మన డబ్బే కదా. జవాబెలా అవుద్ది?"
"మరి ఎవరి డబ్బు ఎత్తుకొచ్చి ఇమ్మంటావ్ ఆయన్ని?"
అని మిగతా లెక్క చెప్పడానికి మళ్లీ మోకరించింది,
ముప్ఫై తీసేసి.

ముప్ఫైతో అద్దె తీరలేదు.
అబూ సమీర్ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి
పది రోజులన్నాడు, వేళ్లన్నీ చూపించి.
తొమ్మిదో రోజు కంపెనీ ఒక నెల జీతం ఇచ్చింది.
మిగతా నాలుగూ ఇంకా బుక్రాలోనే ఉన్నాయి.

శుక్రవారం సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు.
ఎస్తేరు లేచి అంకెలు చదివి కూర్చుంది.
నా వంతుకి నాకు మాట రాలేదు.
నాకు తెలిసింది ఇంతే:
దుమ్ములో ఒక మనిషి మా తలుపు నంబరు
రెండేళ్లు గుర్తుపెట్టుకుంది.

కిందటి వారం బకాలా దగ్గర
ఎవరో కడప అమ్మాయి చేతిలో ఎస్తేరు ఏదో పెట్టి
ఆ వేళ్లు మూసింది.
ఎంత అని అడగబోయి
కుబ్బూసుల పొట్లం అందుకుని
ముందు నడిచాను.